పొయ్యిలో ఊరిన గంగ

నేను టెంకాయతో నీళ్లు చెప్పేవాణ్ణి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేన్లో నడుస్తా పోతే, కింద నీళ్లుండే తావున అది లేసి నిలబడతాది. పుంగనూరు కాడ నేను చెప్పిన బోరు ఎంత ఎత్తుకి ఎగదన్నినాదంటే, పైన పోతాండిన కాకి తడిసి, జలుబు జేసి, మూడు దినాలు అరవలా. కుప్పంలో గ్రానైటు బండ మింద నిలబడితే బండకే చెమట పట్టినాది. నమ్మకుంటే ఆ కాకిని అడుక్కోండి.

ఈ కత మాత్రం వేరేప్పా. దీంట్లో నేను కలిపింది ఏమీ లేదు. కలపాలన్నా నోరు రాలేదు.

మాది తంబళ్లపల్లె పైన మిట్ట మిందుండే ఊరు. వెయ్యి రెండొందల అడుగులు బోరేసినా దుమ్మే. అట్లాంటి ఊరికి మదనపల్లె నుంచి వాటర్‌షెడ్డు ఆఫీసోళ్లొచ్చి, వంకకి అడ్డంగా కట్ట కట్టుకుంటే దుడ్లిస్తామనిరి. ఊరి వాటా మాత్రం ఊరే పెట్టుకోవాలంట. ఉండేవాళ్లు దుడ్లిచ్చిరి. లేనోళ్లు పార పట్టిరి. కమిటీ ప్రెసిడెంటు నారాయణమ్మక్క వాటాకింద మన్నిచ్చె. ఆయమ్మ చేని అడుగున పసుప్పచ్చటి బంకమన్ను ఉండాది. చుట్టుపక్కల ఇంకెవురి చేన్లోనూ లేదు. నీళ్లు కారకుండా కట్ట కడుపులో అదే కూరాల.

కట్ట యాడ కట్టాలనేదే తగువైపోయె. ఇంజినీరు చంద్రిక, అంగళ్లు ఊరి కాలేజీలో సదువుకున్న పిల్ల, ఎగువన బండ ఉండే తావు సూపిచ్చె.

"పాప సదువు పాపది. మన సుబ్రమణ్యం టెంకాయ ఏమంటాదో అదీ సూడల్ల కదా" అనె మా ఆదినారాయణ మామ.

ఊరంతా నా ఎనకే నడిచిరి. టెంకాయ సరిగ్గా మా ఇంటి ఎగువన లేసి నిలబడె. యాల నిలబడిందో నాకూ, నా బొటనవేలికీ తెలుసు. మా ఇల్లు వంక దిగువన ఉండాది. కట్ట ఆడ పడితే మా బాయి నిండుతాది, నా పెండ్లాం అమరావతి బిందెత్తుకొని మైలు దూరం నడిచేది తప్పుతాది. ఇంతే నా ఆశ.

చంద్రిక ఎంత వాదించినా ఊరు వేలిముద్రలేసి తీర్మానం పంపిచ్చేసె. పోతా పోతా ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచె.

"అన్నా, ఆడ అడుగున ఇసక ఉంది. కట్ట కింద తేట నీళ్లు ఊరితే భయం లేదు. రంగు నీళ్లొస్తే మాత్రం కట్టని లోపల్లోపలే తినేస్తున్నాయని అర్థం. అప్పుడు సామాన్లు కూడా సర్దుకోవద్దు. లేచి పోండి."

"సరేలే పాపా" అని నవ్వినాను.

ఎండాకాలంలో టెంకాయ లేసిన తావులోనే కట్ట కట్టేసిరి. కార్తీకంలో ముసురు పట్టి, పది దినాల్లో కట్ట నిండిపోయె. ముసురు ఇడిసి ఎండ కాసిన పొద్దున అమరావతి అరిసె.

"యోవ్! పొయ్యిలో నీళ్లు పోసినావా?"

"నేనెందుకు పోస్తానే?"

పోయి సూస్తే, నేలలో తవ్విన గుంత పొయ్యిలో కట్టెలు తేల్తాండాయి. చెంబుతో తోడేకొద్దీ ఊరతాండాది. అద్దం మాదిరి తేట నీళ్లు.

మధ్యాన్నానికి ఊరంతా మా వాకిట్లో ఉండారు. వెయ్యడుగులు పొడిసినా రాని తల్లి నడిచొచ్చి పొయ్యిలో కూసున్నాదని చెంపలేసుకునిరి. బూడిదంతా తీసి పసుపు గుమ్మరిచ్చిరి. తామరాకు మింద దీపం పెట్టి ఇడిసిరి. అమరావతికి కొత్తచీర కట్టి పొయ్యి పక్కన పీటేసి కూసోబెట్టిరి. ఆదినారాయణ మామ అయితే, కట్టకి రాళ్లు పరిసేదానికీ, మిగులు నీళ్లు పోయే అలుగు కట్టేదానికీ వచ్చే రెండో కంతు దుడ్లతో ఈడ గుడి కట్టేద్దామనె. "తల్లే వచ్చినాక ఇంక అలుగు యాలప్పా?" కమిటీలో అందరూ చేతులెత్తిరి. నేనూ ఎత్తినాను.

మూడోనాడు. నలభై మంది ఉండారు వాకిట్లో, చంకల్లో బిడ్డల్తో. నేను గడప కాడ నిలబడుకొని సూస్తాండాను. పసుపు పొట్లాలు ముందునాడు సాయంత్రమే అయిపోయినాయి. ఆ పసుపు నీళ్లు తీర్థమని ఊరోళ్లే తోడుకొని పోయినారు, ఆ పొద్దున ఎవురూ పసుపు ఎయ్యలా.

నీళ్లు పసుప్పచ్చగానే ఉండాయి.

పొయ్యి అడుగున ఎవురో గుటక మింగినట్ల చప్పుడయె. 

"లెయ్యండి. అందరూ లెయ్యండి, పైకి పోదాం" అన్నాను.

"ఏమిరా, టెంకాయ చెప్పినాదా?" అనె మామ.

"టెంకాయ ఏమీ చెప్పదు మామా. యా పొద్దూ చెప్పలా. బొటనవేలితో లేపేది నేనే."

అందరూ ఇల్లు కూలేట్టు నవ్విరి. "కాకి కత కంటే ఇది బాగుండాది రోయ్!" అనె మామ. టెంకాయ తీసి, వేలితో లేపి, పడుకోబెట్టి, మళ్లా లేపి సూపిచ్చినాను. తమాషా సూసినట్ల సప్పట్లు కొట్టిరి. ఇన్నేండ్లు యా అబద్ధం చెప్పినా కొనుక్కున్నోళ్లు, నిజం చెప్తే కానీకి కూడా అడగలేదప్పా!

చెంబు ముంచుకొని పోయి నారాయణమ్మక్క ముందర నిలబడినాను.

"అక్కా, ఒక గుక్క నోట్లో పోసుకో. మింగొద్దు. పండ్ల మధ్య నలిపి సూడు."

తీర్థం మాదిరి కండ్లకద్దుకొని పోసుకునె. నవ్వతానే నమిలె. నవ్వు అట్లే నిలిచిపోయె. ఉమ్మి అరచేతిలోకి తీసుకొని, రెండు వేళ్లతో రుద్ది, వాసన సూసె.

"ఇది మా చేని మన్నురా" అనె మెల్లిగా. "కట్ట కడుపులో నేను కూరిచ్చిన మన్ను."

ఆమీట అరవలా, కేకెయ్యలా. "బిడ్డల్ని ఎత్తుకోండి, నడవండి" అనె, అంతే. మామ ఇంకా పూజ గంట కొట్టబోతే చెయ్యి మింద ఒక్కటి పీకె.

చంద్రిక సూపిచ్చిన బండే దిక్కయింది మాకు. అందరమూ ఎక్కి కూసున్నాము. ఎండ బాగా కాస్తాండాది. కట్ట పైకి ఏమీ తెలీకుండా పచ్చగా, నిండుగా ఉండాది. కింద మా ఇంటి తలుపు తెరిసే ఉండాది. అమరావతి కొత్తచీరతో నా పక్కన కూసోని ఆ తలుపునే సూస్తాండాది.

"యోవ్" అనె సానాసేపటికి. "మా నాయనకి నువ్వు బాయి తావు సూపిచ్చినావే, నీళ్లు పడినాయని సంతోషపడి నన్నిచ్చె సూడు. అదీ బొటనవేలేనా?"

నోరు తెరిసినాను. అప్పుడు కింద మా గడప దాటి తామరాకు బయటికొచ్చె, దీపంతోనే, ఆరకుండా. దాని ఎనకే పసుప్పచ్చటి నీళ్లు. కట్ట కడుపులోంచి బోరుబండి స్టార్టు జేసినట్ల చప్పుడు మొదలయె.

"అదీ బొటనవేలే" అన్నాను.

ఆ చప్పుట్లో అమరావతికి వినపడినాదో లేదో.