మొక్కు లేని ప్రయాణం

"ఎండాకాలమాయె. ఇగ పనులేముంటయ్? నువ్వు గూడ జర నడుము వాల్చరాదు" అన్నాడు మా ఆయన ఈరన్న, వేపచెట్టు నీడలో నులకమంచం వాల్చుకుంటూ.

అప్పుడు నేను గంపెడు చింతకాయ ముందేసుకుని కూర్చున్నాను. పెంకు ఒలిచి, ఈనెలు లాగి, పండును బండ మీద పెట్టి కట్టెతో కొడుతూ గింజలు రాలుస్తున్నాను. పులుపుకు నాని వేళ్ల చర్మం ఊడుతోంది. అతను ఎగతాళికి అనలేదు, ప్రేమగానే అన్నాడు. నాకు వింతగా తోచేది అదే. నాగలి మూలకు చేరిందంటే మా ఇంట్లో పనులు అయిపోయినట్టే. ఆ తర్వాత ఆడవాళ్లు చేసేదానికి పని అనే పేరు లేదు. చింతపండు కొట్టాలి, కందులు ఇసుర్రాయిలో వేసి పప్పు చేయాలి, మామిడికాయ తొక్కు పెట్టాలి, వానలు రాకముందే గోడలకు ఎర్రమన్ను పూయాలి, పిడకలు ఎండబెట్టి చూరు కిందికి చేర్చాలి. ఇవన్నీ చేసేది నేనూ, మా అత్త మల్లమ్మా. సంతలో ఎవరైనా పలకరిస్తే మా ఆయన మాత్రం "ఇంట్ల అందరం ఖాళీగనే ఉన్నం" అని చెప్పి వస్తాడు.

నాకూ ఒకప్పుడు ఎండాకాలమంటే ఖాళీయే. మా అమ్మమ్మది సోమశిల, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. చలికాలం పోతూనే ఏరు సన్నబడి ఒక పక్కకు ఒదిగేది. మిగిలినదంతా ఇసుక. ఆ ఇసుకలో గుంతలు తవ్వి, ఎరువు వేసి, పుచ్చ, కర్బూజ, దోస తీగలు పెట్టేవాళ్లు. కాయ పడ్డాక ఇల్లంతా తరలివెళ్లి ఏటి నడుమే జమ్ముగుడిసె వేసుకునేది. మొదటి వరద వచ్చేదాకా కాపురం అక్కడే. మా నాయన నన్ను అక్కడ దింపి పోయేవాడు. పొద్దున లేస్తే ఇసుక చల్లగా పాదాలకు అంటుకునేది. మధ్యాహ్నం అదే ఇసుక నిప్పులు చెరిగేది. అప్పుడు మోదుగాకులు అరికాళ్లకు నారతో కట్టుకుని నీళ్ల దాకా ఒకటే పరుగు. పొద్దు గూకగానే నక్కలు కాయల మీద పడకుండా పిల్లలమంతా పళ్లాలు మోగించేవాళ్లం. అదే మా పని. దాన్ని కూడా పని అని ఎవరూ అనలేదు, మాకూ అనిపించలేదు.

ఒక ఏడు అమ్మమ్మ నన్ను పుట్టిలో ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు తీసుకుపోయింది. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. అది నేరుగా పోదు, తిరుగుతూ పోతుంది. నడి ఏట్లో కళ్లు తిరుగుతుంటే అమ్మమ్మ నవ్వుతూ "ఏ ఒడ్డు మనదో చెప్పు" అంది. చెప్పలేకపోయాను. రెండు పక్కలా అదే ఇసుక, అవే గుట్టలు. ఇవతల నైజాం రాజ్యం, అవతల ఇంగ్లీషోళ్ల రాజ్యం అని విన్నాను గనుక అక్కడి మనుషులకు మరో రంగు, మరో తిండి ఉంటాయనుకున్నాను. తీరా దిగితే ఒకావిడ బిడ్డను చంకనేసుకుని మమ్మల్నే వింతగా చూస్తూ నిలబడింది. నా పక్కన గొంతుక్కూర్చుని "మీ వైపు ఎట్లుంటుందమ్మే?" అని అడిగింది. నేను అడగాలనుకున్న మాట ఆవిడే అడిగేసింది. ఈ లోకంలో నాలాగే అవతలి ఒడ్డు గురించి ఆలోచించే మనిషి ఇంకొకరు ఉన్నారని ఆ రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పెళ్లయి ఉప్పునుంతల పక్కన ఈ మెట్టపొలాల ఊరికి వచ్చాక మళ్లీ ఏరు చూడలేదు. సోమశిలకు ఇక్కడినుంచి నాగర్‌కర్నూలు, కొల్లాపురం మీదుగా ఎడ్లబండిలో రెండు రోజుల దారి. అయినా అసలు అడ్డం దారి కాదు. ఆడపిల్ల పుట్టింటికి పోవాలంటే అక్కడినుంచి ఎవరైనా వచ్చి తోలుకుపోవాలి. మా అమ్మా నాయనా పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. అమ్మమ్మ కూడా దాటిపోయింది. ఉన్నది మా మేనమామ వెంకటయ్య ఒక్కడే. తీగలు పెట్టిన మనిషి కాయలు వదిలి కదలలేడు కదా. ప్రతి ఎండాకాలం నాగర్‌కర్నూలు సంతకు వచ్చేవాళ్లతో కబురు పంపుతాడు. "ఈయేడు కాయ మంచిగ కాసింది, తిమ్మమ్మను, పిల్లను తోలుకొని రమ్మనుండ్రి" అని. మా ఆయన విని "సూద్దాం" అంటాడు. ఒకసారి మాత్రం "ఏమున్నదే ఆడ? ఇసుకనే గద" అన్నాడు. ఇసుకే. నిజమే.

ఈ ఏడు కబురు వచ్చినప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు. మా బాలమ్మకు ఎనిమిదో ఏడు. వచ్చే ఎండాకాలానికి దాని పెళ్లి చేద్దామని మాటలు అయిపోయాయి. ఆ తర్వాత అది ఎక్కడికి పోవాలన్నా ఇంకెవరో "సూద్దాం" అనాలి. దానికి ఏరు చూపించాలంటే ఇదే ఆఖరి ఎండాకాలం. అదీ మృగశిర కార్తె రాకముందే, వరద తీగలను ఊడ్చుకుపోకముందే.

ఆ రోజు మధ్యాహ్నం బాలమ్మ నా పక్కన చింతగింజలు ఏరుతూ అడిగింది.

"అమ్మా, ఏరంటే మన చెరువంత ఉంటదా?"

"చెరువు ఉన్నకాడనే ఉంటదే. ఏరు నడుస్తది."

"ఏడికి నడుస్తది?"

"తెల్వదు."

"నీకు తెల్వదా! మరి అడగలేదా?"

మా అత్త పకపకా నవ్వింది. "నీ కూతురు నీ కంటె ఎక్కువనే ఉన్నది" అంది. అత్త ఆ ఎండలో హుషారుగా ఉంది. మంచం మీద మా ఆయన గురక పెడుతున్నాడు. ఇదే సందని నేను రైలు సంగతి ఎత్తాను. మా ఇంట్లో రైలు చూసిన ఆడమనిషి అత్త ఒక్కతే. కురుమూర్తి జాతరకు పోయినప్పుడు చూసిందట.

"ఇనుప ఇండ్లే తల్లీ, ఒకదానెంక ఒకటి గుంజుకపోతుంటె భూమంత అదురుతది" అంది.

"గద్వాల కాడ కృష్ణ మీదికెల్లి పోతదంట గద అత్తా? నీళ్లు ముట్టుకోకుండనే?"

"కమాన్ల వంతెన మీదికెల్లి పోతదంట. అది మాత్రం నేను సూడలే. ఆలంపురం జోగులమ్మకు పోతె సూడొచ్చు. ఆమెకింక మొక్కలే. జర మోకాళ్ల నొప్పి రానియ్, మొక్కుత."

నా చేతిలో కట్టె ఆగిపోయింది. మా అత్త భక్తురాలని ఊరంతా చెప్పుకుంటుంది. నడుము నొప్పి తగ్గితే కురుమూర్తికి వస్తానని మొక్కింది, వెళ్లింది. కళ్ల మంటలు తగ్గితే మన్నెంకొండకు వస్తానని మొక్కింది, వెళ్లింది. ఇన్నేళ్లూ నేను ఆమె జబ్బుల మీద జాలిపడ్డాను, ఆమె మొక్కిన దేవుళ్లంతా ఎంత దూరాన ఉన్నారో చూసుకోలేదు.

"అత్తా, నీవి మొక్కులా, ప్రయాణాలా?"

అత్త మంచం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆడిది పోత అంటె ఎవడన్న పోనిస్తడే? దేవుడు రమ్మన్నడంటె మీ మామ సుత మారుమాట్లాడకుండ బండి గట్టేటోడు. నాకు ఊర్లు సూసుడంటె పానం. అయితె నీ అసోంటి పిచ్చిదాన్ని నేనేడ సూడలే."

"నేనేం జేసిన?"

"మొన్నటేడు పిల్లకు అమ్మవారు పోసినప్పుడు ఏం జేసినవ్? మొగడు తనంత తనే కండ్లనీళ్లు పెట్టుకొని, ఏ దేవునికన్న మొక్కు, ఎంత దూరమైన పోదాం అన్నడా లేదా? నేను ఎంకకెల్లి నీ కొంగు గుంజుతనే ఉన్న. సోమశిల ఉండె, శ్రీశైలం ఉండె. నువ్వు పోయి పోయి పొలిమేర మైసమ్మకు మొక్కితివి! ఆడికి పోనీకి బండి గూడ అక్కరలేకపాయె!"

నాకూ నవ్వు ఆగలేదు. ఆ రోజు బాలమ్మ ఒళ్లు పెనంలా కాలుతుంటే ఏ దేవుడు దగ్గర ఉంటే ఆ దేవుణ్ణి పట్టుకున్నాను. పిల్లకు నయమైన మరుసటి ఆదివారం వంట చేసుకుని, మైసమ్మ దగ్గర కోడిని కోసుకుని, పొద్దెక్కకముందే ఇంటికి వచ్చి గోడలకు ఎర్రమన్ను పూశాను. అంతే నా ప్రయాణం.

"ఇప్పుడన్న నా మాటిను" అంది అత్త. "సోమశిల సోమేశ్వరునికి గూడ అప్పుడే మొక్కిన, పరేషాన్ల మర్సిపోయిన, రాత్రి కలలకొచ్చి యాద్జేసిండని చెప్పు. నేను అవునంట. తెల్లారే వరకు బండి తయారుంటది."

ఎంత తేలిక! మిగతా చింతకాయంతా నేను ఆ కలను అల్లుకుంటూ కొట్టాను. స్వామి ఎలా వచ్చాడో, ఏమన్నాడో, నేను ఏమన్నానో. అబద్ధమని నాకు పెద్దగా బాధ లేదు. మేనమామ గుడిసె, మోదుగాకులు, పుట్టిలో కళ్లు తిరిగి కూలబడే బాలమ్మ, అన్నీ కళ్ల ముందుకు వచ్చేశాయి. ఏరు ఎటు పోతుందో ఈసారి మామను అడగాలి. ఎప్పటికైనా అత్తను వెంటబెట్టుకుని గద్వాలకు పోయి ఆ కమాన్ల మీద నుంచి అదే ఏటిని చూడాలి. పైనుంచి చూస్తే పుట్టి ఎంత కనబడుతుంది? రైల్లో కూర్చున్నవాళ్లకు కిందున్నవాళ్లు చెయ్యి ఊపితే తెలుస్తుందా? ఇలా ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు పుట్టుకొస్తుంటే, గంప ఎప్పుడు ఖాళీ అయిందో చూసుకోలేదు.

సాయంత్రం బాలమ్మకు తల దువ్వుతున్నాను. అది మా మాటలన్నీ విన్నట్టుంది. తల వెనక్కి తిప్పి నా చెవిలో అడిగింది.

"అమ్మా, నాకు మళ్ల జరమొస్తె, ఈసారి రైలు ఉన్నకాడికి మొక్కుతవా?"

ముందు నవ్వాను. తర్వాత దువ్వెన కదల్లేదు. దానికి జబ్బంటే భయం లేదు. రైలు చూడ్డానికి జ్వరం తెచ్చుకోవడం దానికి న్యాయమైన బేరంలా కనబడింది. తప్పు దానిది కాదు, మేం నేర్పింది అదే. మా అత్త ఊళ్లు చూడాలంటే నడుము నొవ్వాలి. రైలెక్కాలంటే మోకాళ్లు పట్టాలి. నేను మా అమ్మమ్మ ఊరు చూడాలంటే నా బిడ్డ చావు దాకా పోయి రావాలి. మగవాళ్లు సంతకు పోతే మామూలుగా వెళ్తారు, చుట్టాల ఊరికి పోతే ఊసుపోక వెళ్తారు. మేం కదలాలంటే ఇంట్లో ఎవరో ఒకరు మంచం పట్టాలా? నాకు ఏడుపు రాలేదు, చిర్రెత్తుకొచ్చింది.

పొద్దు గూకే వేళ వాకిట్లో మా ఆయనకు జొన్నరొట్టె పెట్టాను. అత్త అరుగు మీద కూర్చుని నాకు కళ్లతో సైగ చేస్తోంది. గడప మీద బాలమ్మ మోకాళ్లు దగ్గరికి తీసుకుని చెవులు రిక్కించి ఉంది.

"నేను పిల్లను తీసుకొని సోమశిలకు పోత" అన్నాను.

మా ఆయన రొట్టె తుంచడం ఆపాడు. ముఖంలో కోపం లేదు, కంగారు ఉంది. మొక్కు తీర్చకపోతే ఇంటికి కీడని అతని భయం. "ఏం మొక్కు మిగిలిందే? ఎప్పుడు మొక్కినవ్? ఏ దేవునికి?" అని గబగబా అడిగాడు.

ఒక్క మాట అంటే చాలు. సోమేశ్వరునికి అంటే తెల్లవారి ఎడ్ల మెడలో గంటలు మోగుతాయి. అనకపోతే ఈ ఎండాకాలమూ పోతుంది, బహుశా బాలమ్మకు ఏరు అన్నది మాటగానే మిగిలిపోతుంది. గొంతు దాకా వచ్చిన ఆ పేరును మింగాను.

"ఏ దేవునికి మొక్కలే. నాకు పోవాలనున్నది. ఏరు సూడాలనున్నది. పిల్లకు సూపియ్యాలనున్నది."

అరుగు మీద అత్త నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ ఇంట్లో 'నాకు' అనే మాటతో నేను ఒక కోరిక చెప్పడం అదే మొదలు. నా చెవులకే అది పరాయి గొంతులా వినబడింది.

"ఉత్తగనే?" అన్నాడు మా ఆయన. నిజంగా అర్థం కాకే అడిగాడు పాపం.

"ఉత్తగనే."

"పనులో?"

"వచ్చినంక చేస్త."

"తోలుకపోనీకి ఎవరన్న రావాలె గద?"

"నాకు తొవ్వ ఎరుకనే. బండి గడితె బండి మీద పోత. లేకుంటె నడిచి పోత. కాయలు అయిపోకముందె పోవాలె."

అతను అత్త వైపు చూశాడు, ఏదైనా దేవుణ్ణి చూపించి కాపాడమన్నట్టు. అత్త చూపు నా మీదే ఉంది. రొట్టె చేతిలోనే ఆరిపోతోంది. చివరికి అతనికి మిగిలిన కష్టం బయటపడింది. "దేవుని పని లేకుండ ఆడోళ్లు బండెక్కి పోతుంటె ఊరోళ్లు అడగరా? ఎందుకు పోయిందంటె నేనేం చెప్పాలె?"

"నా పెండ్లాం ఏరు సూడనీకి పోయిందని చెప్పు" అన్నాను.

అత్త అరుగు దిగింది. కొంగు నడుముకు బిగించి, వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మ గూడ పోయిందని చెప్పురా" అంది.