కాగితం మీది పాదం

అలబామాలోని ఆ ఊళ్లో టేటమ్ బూట్ల దుకాణానికి తెల్లవాళ్లు పాదాలతో వచ్చేవారు, నల్లవాళ్లు కాగితాలతో వచ్చేవారు. ఇంట్లో కాగితం మీద కాలు పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించి తెచ్చుకోవాలి. నల్లవాళ్లు కాలు పెట్టిన జోడు తెల్లవాళ్లు కొనరు, అందుకని పెట్టనివ్వరు. కాగితానికి పొడవు తెలుస్తుంది, వెడల్పు తెలుస్తుంది, పాదం ఎత్తు మాత్రం తెలియదు. రైలు పట్టాలకు అవతల నల్లవాళ్ల పేటలో సగం మంది ఆదివారం చర్చికి కుంటుకుంటూ వెళ్లేది అందుకే. ఆ మాట దుకాణంలో ఎవరూ అనరు.

టేటమ్ కూతురు లొరీన్‌కు పదేళ్లు. వాళ్లింటి బట్టలుతికే వర్నెల్ కూతురు ఆర్లీతాకూ పదేళ్లే. ప్రతి సోమవారం పెరట్లో బట్టల కాగు ఉడుకుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి జడలు ఒకరు లాక్కుంటూ ఆడుకునేవారు.

ఈస్టర్ ముందు శనివారం వర్నెల్ కూతుర్ని వెంటబెట్టుకుని, చేతిలో కాగితంతో వెనక గుమ్మం లోంచి దుకాణానికి వచ్చింది. టేటమ్ ఆ కాగితాన్ని బూట్ల అడుగులకు ఆనించి చూడటానికి ఆమెను గోదాములోకి పిలిచాడు. ముందు గదిలో లొరీన్, ఆర్లీతా ఇద్దరే మిగిలారు.

"పోయినసారి బూట్లు ఇక్కడ కరిచేశాయే," అంటూ ఆర్లీతా పాదం పైన మచ్చ చూపించింది. "సబ్బు రాస్తే లొంగుతాయంది మా అమ్మ. ఎవరు లొంగారో చూడు."

లొరీన్ పకపకా నవ్వింది. "అయితే ఈసారి వేసుకునే చూసుకో. ఎవరున్నారిక్కడ?"

"వద్దే బాబూ. మా అమ్మ చంపేస్తుంది."

"షాపు మా నాన్నది. నేను చెప్తున్నాగా, కూర్చో."

అందులో సగం గొప్ప చూపించుకోవాలన్న ఉబలాటం. మిగతా సగం ప్రేమే, కాదనలేం. లొరీన్ నిచ్చెనెక్కి తెల్లటి జోడు దించింది. ఆర్లీతాను తెల్లపిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, అచ్చం తండ్రిలాగే మోకాళ్ల మీద కూర్చుని, మడమ వెనక బూటు తొడిగే రేకు పెట్టి కాలు లోపలికి జార్చింది.

ఆర్లీతా వేళ్లు కదిపి చూసుకుంది. "నొప్పే లేదే," అంది నమ్మలేనట్టు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. పాస్టరు భార్య పిట్‌మన్ దొరసాని గుమ్మంలోనే ఆగిపోయింది.

"టేటమ్ గారూ, ఒకసారి ఇలా రండి," అంది గొంతు పెంచకుండానే.

టేటమ్ వచ్చాడు, వెనకే వర్నెల్. కుర్చీలో ఉన్న పిల్లను చూసేసరికి టేటమ్ ముఖం పాలిపోయింది. సాయంత్రానికి ఊరంతా పాకే సంగతి అది.

"ఎవరు చేశారీ పని?"

"నేను వద్దన్నాను నాన్నా," అంది లొరీన్. "తనే తొడుక్కుంది."

బూటు తొడిగే రేకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. టేటమ్ దాన్ని చూశాడు. దొరసానీ చూసింది. వర్నెల్ అందరికన్నా ముందే చూసింది.

"అమ్మా, నేను కాదు..." అని ఆర్లీతా అనబోయేలోగా తల్లి ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. ఆ దెబ్బ తాను కొట్టకపోతే ఇంకెవరో కొడతారు, అప్పుడది చెంపతో ఆగదు. పట్టాలకు అవతల ఏ తల్లికైనా ఇది తెలుసు.

"తప్పయిపోయిందయ్యా. ఈ జోడు మేమే తీసుకుంటాం," అంది వర్నెల్. తర్వాత కూతురి భుజం పట్టి నిలబెట్టింది. "మిస్ లొరీన్‌ను క్షమించమని అడుగు."

ఆ పేరుకు ముందు 'మిస్' అన్న మాట అంతవరకు లేదు. ఆర్లీతా బూట్లు విప్పి, పక్కపక్కన పెట్టి, నేలచూపులు చూస్తూ నిలబడింది.

"క్షమించండి, మిస్ లొరీన్."

అందరూ లొరీన్ వంక చూశారు. నిజం చెప్పడానికి అప్పటికీ సమయం మించిపోలేదు. చెబితే తనకు పడేవి మహా అయితే నాలుగు తిట్లు. అదీ ఆమెకు తెలుసు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి.

"పర్లేదులే," అంది లొరీన్. "ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు."