నాలుగో అధ్యాయంలో బ్రాకెట్లు

“ఈ బ్రాకెట్లు ఇలా జరపకూడదేమోనండీ,” అందామె, ఒక చేత్తో పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ, రెండో చేత్తో భర్త రాసిన కాగితం పట్టుకుని.

కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన, ఎనిమిది భాగాల సంఖ్యల మీద డాక్టరేటుకు సిద్ధాంతవ్యాసం రాస్తున్నాడు. టైపు చేయడం ఆమె వంతు. ఇంటి చాకిరీ అంతా అయ్యాక చేసేది కాబట్టి దాన్నెవరూ పని అనుకోలేదు. ఆమె కూడా ఎమ్మెస్సీ లెక్కలే. ఆ సంగతి పెళ్ళి కుదిరేటప్పుడు ఒకసారి మాట్లాడుకున్నారు, మళ్ళీ ఎవరికీ అవసరం పడలేదు.

మామూలు సంఖ్యలు మూడింటిని గుణించేటప్పుడు ముందు ఏ జతను గుణించినా జవాబు ఒకటే. ఈ సంఖ్యలు అలా కావు. బ్రాకెట్ జరిపితే ప్లస్ కాస్తా మైనస్ అయి కూర్చోవచ్చు. ఆమె కూరగాయల చీటీ వెనక చేసి చూసింది. నిజంగానే గుర్తు తిరగబడింది.

ఆయన చీటీ చూడకుండానే నవ్వాడు. “నువ్వు కామాలూ చుక్కలూ చూసుకో, చాలు.”

“గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది,” అంది పక్కగదిలోంచి అత్తగారు.

అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. కానీ పదకొండేళ్ళుగా ప్రతి మాటకీ ‘ఏమో’ తగిలించి బతికిన మనిషికి ‘తప్పు’ అన్న మాట గొంతు దాటలేదు. ఉన్నది ఉన్నట్టు టైపు చేసిచ్చింది.

వైవాలో, పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ పంక్తి మీదే వేలు పెట్టాడు. భర్త వెనక్కి తిరిగి, చివరి వరసలో కూర్చున్న ఆమెను చూపించాడు. “టైపు చేసింది మా ఆవిడండీ. బ్రాకెట్లు అటూ ఇటూ అయ్యాయి.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు, మొహం మాత్రం చాలాసేపు మండుతూనే ఉంది. మూడు వారాల్లో సరిచేసి ఇమ్మన్నారు.

అది టైపుతో సరయ్యే తప్పు కాదు. ఆయన రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు గోడవైపు తిరిగి, “అప్పుడేదో అన్నావుగా. చూసిపెట్టు,” అన్నాడు. కాదనడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

వేర్వేరు సంఖ్యలు రెండే అయితే, అవి ఎన్నిసార్లు వచ్చినా, బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. మూడోది చేరితేనే పేచీ. ఏ మెట్టులోనూ ఆ మూడోది తగలకుండా ఆమె రుజువు మొత్తం మొదట్నుంచి కట్టింది. పన్నెండు పేజీలు. ఉతికిన బట్టలు మడతపెడుతుండగా ఆఖరి మెట్టు దొరికి, పైకే నవ్వేసింది.

“ఏమైందే?” అంది అత్తగారు.

“ఏం లేదత్తయ్యా.”

సిద్ధాంతవ్యాసం నెగ్గింది. నాలుగో అధ్యాయం అద్భుతమని పెద్దాయన ఉత్తరం రాశాడు, భర్తకి. అచ్చుకు పంపేముందు కృతజ్ఞతల పేజీ ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసింది: గురువుగారికి, ప్రిన్సిపాల్‌కి, అమ్మకి, ‘ఓపికగా టైపు చేసిపెట్టిన నా శ్రీమతికి’. అక్కడ ఆమె వేళ్ళు ఆగాయి. ఆయన ఎదురుచూశాడు. వేళ్ళు మళ్ళీ కదిలాయి.

“ఒకసారి చూడు, తప్పులేమైనా ఉన్నాయా?”

“టైపులో లేవండీ,” అందామె.