దుర్సున్ ఏడుపు, మొండయ్య క్యాసెట్టు

గల్ఫ్ యుద్ధం అయిపోయింది. రియాద్ శివారు సులైలో, లేబర్ క్యాంపు మీదుగా మిస్సైళ్ళు పోవడం మానేశాయి గానీ, దుర్సున్ పాట మాత్రం మానలేదు. దుర్సున్ టర్కీ మేస్త్రీ. పొద్దుగూకగానే పొడుగు మెడ తంబూరా ఒకటి ఒళ్ళో పెట్టుకుని, వలచిన పిల్ల ఊరికి అడ్డం నిలబడ్డ కొండను దారిమ్మని బతిమాలేవాడు. కొండ ఇచ్చేది కాదు. ఒక్క మాటా అర్థంకాని పాకిస్తానీ డ్రైవర్లు కూడా వెక్కివెక్కి ఏడ్చేవాళ్ళు. వాళ్ళ కన్నీళ్ళకే క్యాంపు ట్యాంకు సగం నిండేది.

పక్క మంచం మొండయ్యది. ఇంటికి పోవాలని అతనికి ప్రాణం లాగుతోంది. కానీ "వస్తా" అని తనే అంటే మగాడి పరువేం కావాలి? "రా" అని పెళ్ళాం ముత్యవ్వ అనాలి. ఆమేమో ఎప్పుడూ కొత్తింటి సిమెంటు ధర చెప్పి ముగించేది.

రాయడం రానివాళ్ళు క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద పోయేవాళ్ళ చేతికిచ్చి పంపే రోజులవి. మొండయ్య ఉపాయం పన్నాడు. వెనక దుర్సున్‌తో పాడిస్తూ, ముందు తాను తిండి బాగుందనీ ఒళ్ళు బాగుందనీ రికార్డు చేశాడు. ఏడుపు దుర్సున్‌ది, లాభం తనది.

ఇంతకీ ఆ పిల్లెవరని అడిగితే, ఎవరికీ తెలియదని దుర్సున్ సైటులో నేర్చిన వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. వాళ్ళ తాత కూడా ఆమె కోసమే ఏడ్చాడట. ఆమె దొరికితే పాట అయిపోతుంది కాబట్టి ఎవరూ దొరకనివ్వరట.

నెల దాటాక జవాబొచ్చింది.

"ఇగో, ఇంటున్నవా? వాడకట్టంత అచ్చి ఏడ్చిన్రు. బర్రె రెండు పూటలు పాలియ్యలే. పాపం, ఎవలయ్యా ఆయన? నువ్వు మంచిగనే తింటున్నవ్ గద, ఆయనకింత పెట్టు."

మొండయ్యకు ఒళ్ళు మండింది. తలుపేసుకుని ఈసారి తనే పాడాడు. తమ జిల్లాలో అంత కొండ లేదు కనుక సముద్రాన్ని బతిమాలాడు. రెండో మాటకే రాగం దారి తప్పింది. మూడో మాటకు "ముత్తెవ్వా" అన్నాడు. మిగతా క్యాసెట్టంతా ముక్కు చీదుడే. చెరిపేద్దామనుకునేలోపే, సెలవు మీద పోతున్న సాయికుమార్ దాన్ని సంచిలో వేసుకుని విమానమెక్కేశాడు.

ఈసారి జవాబులో ముందు తలుపు గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ముత్యవ్వ, గొంతు తగ్గించి:

"గిది ఎవ్వలకు ఇనిపియ్యలే. నీకు పాడుడు అస్సలు రాదు. ఇంటికి రా ఇగ."

మర్నాడు మొండయ్య తన అరబ్బు యజమాని కఫీల్ ముందు నిలబడి, ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా అడిగాడు. కారణమేంటని కఫీల్ అంటే, పెళ్ళాం రమ్మందని, ఛాతీ విరుచుకుని, ఆఫీసంతా వినేలా చెప్పాడు.