మీసాల అమ్మవారు

మా ఇంటి అమ్మవారికి మీసాలున్నాయని తెలిసిన రోజున నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నలభై ఏళ్ళుగా జమ్మలమడుగులో అర్చకత్వం చేస్తున్నవాణ్ణి, నా ఇంట్లోనే ఇంత మోసమా అనుకున్నాను.

మోసం ఎవరిదీ కాదు లెండి. ప్రొద్దుటూరు పాతసామాన్ల అంగట్లో కొన్న జానెడు బొమ్మను అమ్మవారనుకుని, మామగారు పెళ్ళిలో మా ఆవిడ విశాలాక్షికి ఇచ్చారు. ఆమె ప్రతి శుక్రవారం దానికి చిన్న చీర కట్టి, పసుపు కుంకుమ అద్ది, తలుపు దగ్గరగా వేసుకుని గంటసేపు ఏదో చెప్పుకునేది. "ఇత్తడితో ఏం మాటలే నీకు?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. పసుపు పేరుకుని ముఖమే తెలియకుండా పోయిందని, మొన్న ప్రొద్దుటూరులో మెరుగు పెట్టే దావూద్‌కు ఇచ్చాను.

మర్నాడే ఫోన్ చేశాడు.

"సామీ, ఇది ఇత్తడి గాదు, కంచు. పైన పాదరసంతో బంగారు పట్టించినారు. నేను యాసిడ్ ముట్టీలే, గోరువెచ్చని నీళ్ళతో కడిగినా, అంతే." గొంతు తగ్గించి, "మూతి మీద మీసాలుండాయి సామీ" అన్నాడు.

మ్యూజియంలో పనిచేసే మా మేనల్లుడు సుధన్వకు, దావూద్ తీసిచ్చిన ఫోటో పంపాను.

"చైనాది మామా. వెయ్యేండ్ల నాటిది అనిపిస్తాంది. కిరీటంలో చిన్న బుద్ధుడుండాడు చూడు. ఈయన గ్వాన్‌యిన్ అనే బోధిసత్వుడు. లోకంలో ఎవరు మొరపెట్టుకున్నా వింటాడని ఆ పేరుకు అర్థం. మ్యూజియానికిస్తే భద్రంగా ఉంటాది."

బొమ్మను ఇంటికి తెచ్చి, "మొగదేవునికి చీర కట్టినావు. ఇంక పీఠం మీద పెట్టేది లే, మ్యూజియానికి పంపుతా" అన్నాను.

విశాలాక్షి బొమ్మను ఒళ్ళో పెట్టుకుంది. బొమ్మంతా బంగారం మెరుస్తోంది, ఒక్క మోకాలి మీద మాత్రం అరిగి కంచు బయటపడింది. మాట్లాడేటప్పుడు ఆమె చెయ్యి ఉండేది అక్కడే.

"పంపండి. ఇంక నేను ఎవరికి చెప్పుకోవాల?" అంది.

నిజం చెబుతున్నా, నాకు అసూయ పుట్టింది. మీసాలున్న పరాయివాడొకడు నలభై ఏళ్ళు నా భార్య కష్టసుఖాలు విన్నాడు. నేను ఒక్క శుక్రవారం కూడా వినలేదు. సిగ్గు కూడా వేసింది.

ఆ శుక్రవారం నేనే బొమ్మను పీఠం మీద పెట్టాను. నా ఉత్తరీయం చించి పంచె కట్టాను. విశాలాక్షి వచ్చి కూర్చున్నాక తలుపు వేసి, ఆమె పక్కనే కూర్చున్నాను.

"మీరు పోండి."

"పోను. ఆయప్పకే చెప్పు. నేనూ వింటా."

బొమ్మ పంచె సర్దింది. తర్వాత అరిగిన మోకాలి మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"మా నాయన పోయినప్పుడు, గుళ్ళో ఉత్సవాలు, మైల తగులుతాదని, ఈయన నన్ను కడసారి చూపుకు పంపలే..."