పదమూడో చానల్

లినక్స్ వేసిన లాప్‌టాప్‌కు వైఫై అందదన్నది ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన తమిళ ఊళ్ళో, ఒర్లియంపేటలో, మా వీధి వీధంతా నమ్మే మాట. డబ్బివ్వకుండా దొరికే సిస్టంలో ఏదో ఒక లోపం ఉండి తీరుతుందని అందరూ చెప్పే కారణం.

ఆ ఉదయం పక్కింటి అనుప్రియ పరుగున వచ్చి, కంప్యూటర్ల సంగతి కాస్త తెలిసిన నన్ను పిలుచుకుపోయింది. గంటలో ఆమెకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ; తొలి ఉద్యోగానికి చివరి వడపోత. ఆ కంపెనీ పనంతా లినక్స్‌లోనే గనుక ముందురోజే దాన్ని వేసుకుంది. అప్పటినుంచి ఇంటి వైఫై కనిపించడం లేదు. ఆ ఇంట్లో ఫోను సిగ్నలు కూడా నిలవదు.

“వద్దంటే వినిందా? ఊరక వచ్చేదంటే ఎగబడిపోయె!” అంది వాళ్ళవ్వ అంబుజం.

“అవ్వా, సుమ్మా ఉండు, ఊరుకో! తాతా, ఎదురింటోళ్ళ వైఫై తెలుస్తా ఉంది. మాది యాడ పోయింది?”

నాకు ఉత్సాహం పొంగింది. అందని యంత్రానికి ఎదురింటి పేరు మాత్రం ఎలా అందింది? పారిస్ నుంచి వాళ్ళ మామ తెచ్చిన రౌటర్ ఏ చానల్లో ఉందో ఫోనులో చూడమన్నాను.

“పదమూడు.”

“పదమూడా? ఇంకేంది, అది ఆగదు, అచ్చిరాదు!” అంది అంబుజం.

“ఫోనుకు ఆగుతోంది కదమ్మా,” అన్నాను. “పాపా, లాప్‌టాప్ ఏ దేశంలో ఉన్నాననుకుంటోందో అడుగు.”

అనుప్రియ ఆజ్ఞ టైపు చేసి నాలుక కరుచుకుంది. “అమెరికా అంటా ఉంది తాతా! వేసేటప్పుడు దేశం అడిగితే చూడకుండా సరే కొట్టేస్తి.”

“కూర్చున్న చోటినుంచే అమెరికా పోయొచ్చిందా!” అంది అవ్వ.

వైఫై నడిచే తరంగాల దారులే చానళ్ళు; ఏవి వాడాలో ఒక్కో దేశానిది ఒక్కో నియమం. అమెరికాలో మామూలుగా పదకొండుతో సరి. ఫ్రాన్సులో, మనదగ్గర పదమూడు దాకా ఉంది. పారిస్ పెట్టె పదమూడులో పలుకుతోంది. అమెరికాలో ఉన్నాననుకునే లాప్‌టాప్ అటు చెవి పెట్టడం లేదు. రెండూ ఉన్నది మాత్రం ఒర్లియంపేటలో.

“ఇండియా అని పెట్టు. మళ్ళీ వెతకమను.”

జాబితా ఖాళీ అయింది. పేర్లు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. చివరన, వాళ్ళింటి వైఫైకి పెట్టుకున్న పేరు: అంబుజం.

“అవ్వా, నువ్వు వచ్చేస్తివి!” అని అనుప్రియ గెంతింది.

“నేనా? నేనెప్పుడూ ఈడనే ఉండానే!”

అదే లాప్‌టాప్, అదే ఉచిత లినక్స్. పదమూడో చానల్ మీద అందిన వైఫై ఆమె ఇంటర్వ్యూ ముగిసేదాకా ఒక్కసారీ తెగలేదు.