నా కణాలతో పెంచిన పేగు

గిన్నెలు తోముతుంటే కడుపులో మెలిపెట్టింది. చేతులకున్న సబ్బయినా కడుక్కోకుండా బాత్రూంలోకి పరుగెత్తాను.

"మహారాణి సింహాసనం ఎక్కింది. కాఫీ ఇంక గంట తర్వాతే," అన్నారు మా ఆయన. అత్తయ్య నవ్వారు. పదకొండేళ్లుగా ఇదే హాస్యం. లోపల నేను రక్తం చూసుకుని, శుభ్రంగా కడిగేసి, ముఖం తుడుచుకుని వచ్చి మిగిలిన గిన్నెలు తోముతాను.

ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. సీటు వదిలిన ప్రతిసారీ తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది. "పెళ్లికి ముందు నుంచీ ఉందా మీకీ అలవాటు?" అని సూపర్‌వైజరు అందరి ముందూ అడిగాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తినడం మానేశాను.

నా పేగులో పుండ్లకి ఇక మందులు పనిచేయవని డాక్టరమ్మ తేల్చేసింది. "మీ పేగులోంచి తీసిన కణాల్ని ల్యాబులో పెంచుతున్నాం. అవి పొరలా అల్లుకున్నాక పుండ్ల మీద అతికిస్తాం. మనుషులకి చేయడం ఇదే మొదలు. పట్టొచ్చు, పట్టకపోవచ్చు. అబద్ధం చెప్పను," అంది. మైక్రోస్కోపులో చూపించింది. చిన్న చిన్న బుడగలు. ఒకటి ముడుచుకుని మళ్లీ వదులైంది. నా ఒంటి ముక్క నేను లేకుండా బతుకుతోంది. దాన్ని ఇంకా ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

ఇంట్లో 'కడుపులో పుండ్లు' అని మాత్రం చెప్పి, ఆపరేషనుకి నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఆయన ముందు పెట్టాను. "నెల్లాళ్లు నువ్వు మంచమెక్కితే ఇల్లెవరు చూస్తారు? ప్రయోగాలకి నువ్వే దొరికావా వాళ్లకి?" అన్నారాయన. నాకూ భయమే. మత్తులోంచి లేవకపోతే? ఆ ముక్క లోపల పిచ్చిగా పెరిగిపోతే? ఆయన వద్దన్నందుకు లోలోపల నాకు హాయిగానే అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, అదే నిజం. కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచేశాను.

ఆదివారం పొద్దున మా అమ్మాయి బాత్రూంలోంచి ఎంతకీ రాలేదు. పదమూడేళ్లది. "నెలసరా?" అంటూ తలుపు తట్టాను. గడియ తీసింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అది కాదమ్మా. నీకులాగే," అంది. నీళ్లు పోసినా ఇంకా ఎర్రగానే ఉంది.

"ఎన్నాళ్లుగా?"

"పరీక్షలప్పటి నుంచి."

"చెప్పలేదేమే?"

"నువ్వూ చెప్పవుగా."

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో పిల్లలకీ వస్తుందని డాక్టరమ్మ అన్నప్పుడు, వినీ విననట్టు ఊరుకున్నాను.

"నాన్నకి చెప్పకమ్మా. నవ్వుతారు," అంది నా కొంగు పట్టుకుని.

దాని చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచాను. "దీనికి రక్తం పడుతోందండీ," అన్నాను. "నాకు పదకొండేళ్లుగా పడుతోంది. రేపు దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నేను ఆ ఆపరేషను చేయించుకుంటున్నాను. దీనికి అవసరం వచ్చేనాటికి అది పనిచేస్తుందో లేదో తెలియాలి."

ఆయన చేతిలో పేపరు ఒళ్లోకి జారింది. ఎవరూ నవ్వలేదు. అత్తయ్య లేచి పిల్లకి మంచినీళ్లు తెచ్చారు.

చీరల కింది కాగితం తీసి సంతకం పెట్టాను.

"భయంగా లేదా అమ్మా?" అంది పిల్ల నా చెవిలో.

"చచ్చేంత భయంగా ఉంది," అన్నాను, ఇల్లంతా వినబడేలా.